చీనా బల్ల మీది ఐదు గబ్బిలాలు

మా ఇంట్ల కిటికి దిమ్మె మీద ఐదు కట్టె చిలకలున్నయి. ఒక్కొక్కటి రెండు వేళ్ల వెడల్పు. ముక్కు, రెక్క, తోక, అన్ని సక్కగ తేలినయి. ఇంటికొచ్చినోళ్లు చేతిలకు తీసుకొని, "ఎంత ముద్దుగున్నయి యాదగిరన్నా, ఎవరు చెక్కిన్రు?" అని అడుగుతరు. నేనే అంట. అంతకు మించి చెప్ప. నా పనిల నేను చేసిన అన్నిటికన్న పెద్ద తప్పు ఆ ఐదు చిలకలే. ఇగ ఏమని చెప్పాలె?

ఇప్పుడు చెప్త. ఎందుకంటె పాత సామాను బాగుచేసే షెడ్లు షాద్‌నగర్ దిక్కు ఇంకో రెండు మొదలైనయి. పని నేర్చుకునేటందుకు కొత్తోళ్లు వస్తున్నరు, ఆడపిల్లలు సుత వస్తున్నరు. కొందరు నా దగ్గరికొచ్చి, "కాకా, ఈ పనిల ముఖ్యమైంది ఏంది?" అంటరు. ఉలి పట్టుడు ఫోన్ల చూసి గూడ నేర్చుకోవచ్చు. ఫోన్ల దొరకని సంగతి ఒకటున్నది, అదే రాస్తున్న. నాకు రాసుడు అలవాటు లేదు. మా కోడలు పక్కన కూసొని అక్షరాలు సరిచేస్తున్నది. అక్షరం మార్చు గని మాట మార్చకు బిడ్డా అని చెప్పిన.

బండ్లు పోయినంక

మాది హాలియా దిక్కు. వడ్లోల్లం. మా బాపు ఎడ్లబండ్లు చేసెటోడు, నాగండ్లు చెక్కెటోడు. సాగర్ కాలువ నీళ్లొస్తున్నయంటె చాలు, పొద్దు పొడవకముందే రైతులు మా ఇంటి ముంగట కూసుందురు. బాపు బాడిస దెబ్బ ఏస్తె పేళ్లు ఎగిరొచ్చి మా అవ్వ ఒళ్లె పడేటియి. ఆమె తిట్టుకుంటనే వాటిని ఏరి పొయ్యిల పెట్టేది. ఆ తుమ్మకట్టె పొగ వాసన ఇప్పటికి నా ముక్కులనే ఉన్నది.

ఎనక ట్రాక్టర్లొచ్చినయి, బండ్లు పోయినయి. ఇనుప తలుపులొచ్చినయి, దర్వాజలు చేయించుకునేటోళ్లు పోయిన్రు. ఏడాదికి నాలుగు మంచాలు, రెండు పీటలు, గంతే పని. తెలంగాణ వచ్చిన మరుసటేడు నా ఉలులు, బాపు కొడతి సంచిల ఏసుకొని షాద్‌నగర్ బస్సెక్కిన. కొడతి అంటె కట్టె సుత్తె. బాపుది జిట్రేగు కట్టెది. ఆయన చేతిల కొన్నేండ్లు, నా చేతిల కొన్నేండ్లు తిరిగి నున్నగైంది. అది చేతిల ఉంటె బాపు పక్కన నిలబడ్డట్టే ఉండేది నాకు.

షాద్‌నగర్ల హమీద్ సాబ్ షెడ్డుల పని దొరికింది. పట్నంల పాత నవాబుల ఇండ్లు కూలగొడుతుంటె ఆ సామాను కొనుక్కొచ్చి బాగుచేయించి అమ్మెటోడు. ఎవరన్న ఇంట్ల సామాను తెస్తె అది గూడ బాగుచేసి ఇచ్చెటోడు. సన్నటి మనిషి, తెల్లగడ్డం, నోట్ల ఎప్పుడు లవంగం. అరిస్తె షెడ్డు రేకులు అదిరేటియి, అరగంటల మల్ల ఆయనే చాయ్ తెప్పించెటోడు. ఇప్పుడు ఆయన లేడు. ఎక్కడన్న లవంగం వాసనొస్తె ఇటు అటు చూస్త, ఆయనే వచ్చిండేమో అని.

ఒక్క మేకు

నేను పోయిన మొదటి వారమే ఒక చీనా బల్ల వచ్చింది. నలుగురం మోసినం, నలుగురికీ నడుములు పట్టుకున్నయి. చూస్తె సన్నటి బల్లనే, గని కట్టె గట్టిది. పైకి నలుపు, తుడిస్తె లోపలి ఎరుపు కనపడ్తది. పైచెక్క రెండు కొసలు మీదికి వంగి ఉన్నయి. దాని కింద నడుము లెక్క జర లోపలికి తగ్గింది. నడుము కింద ముంగటి పట్టె, పట్టె నిండ సుట్టలు సుట్టలుగ మబ్బులు చెక్కిన్రు. కాళ్లు కిందికి దిగి గుర్రపు డెక్కల్లెక్క లోపలికి తిరిగినయి. నేను దాని సుట్టు మూడుసార్లు తిరిగిన. ఎంత ఎతికినా ఒక్క మేకు కనపడలె. బాపు ఉంటె పట్టుకొచ్చి చూపిద్దును గదా అని మస్తు అనిపిచ్చింది.

ఒక కాలు వదులుగుండె. గిదేం పెద్ద పని అనుకొని నేనొక మేకు తీసి టక్కున కొట్టిన. కట్టె చీలిన సప్పుడైంది. హమీద్ సాబ్ ఉరికొచ్చిండు.

"అరె యాదగిరీ, గిదేం చేసినవ్ బై! ఇన్ని తరాలు గీ బల్ల మేకు లేకుంట నిలబడ్డది. నీ చేతికొచ్చిన గంటకే మేకు గావాల్సొచ్చిందా?"

నాకు లోపల మండింది. వడ్లోని కొడుకుకు సాయబు పని చెప్పుడేంది అనుకున్న. గని ఆయన అరిచి ఊకోలె. పక్కన కూసొని ఆ కాలు ఊడదీసి చూపెట్టిండు. ఒక కట్టెకు నాలుక లెక్క తీసిన్రు, ఇంకో కట్టెకు తొర్ర పెట్టి ఆ నాలుకను దిగేసిన్రు. వానకాలం కట్టె ఉబ్బుతది, ఎండకాలం గుంజుకుంటది. నాలుక తొర్రల కొంచెం అటు ఇటు ఆడుతది, బల్ల బతుకుతది. మేకు కొడితె ఆడనియ్యది, కట్టె పగులుతది.

"ఇంకో మాట విను. అతికిస్తె సరేసుతోనే, గదే తోలు కాగబెట్టి తీసే బంకతోనే అతికియ్యి. వేడినీళ్ల బట్ట పెడితె విడుస్తది. డబ్బాల బంక పెడితె ఇగ ఆ కట్టె సచ్చినట్టే. నీ ఎనక వచ్చెటోడు నీకన్న తెలివైనోడు కావొచ్చు, ఆయనకు జాగ ఉంచు" అన్నడు.

ఈ మాట మీరు రాసిపెట్టుకోన్రి. ఈ పనిల సగం మంది ఇది తెల్వకుంటనే సామాను ఖరాబు చేస్తున్నరు. కొత్త కట్టెకు చాయ్ డికాషన్ పూసి, సైకిల్ చెయినుతోని కొట్టి, పాతదని చెప్పెటోళ్లను గూడ చూసిన. వాళ్ల గురించి రాసుడు నాకు ఇష్టం లేదు.

గబ్బిలాలను చూసి

నాలుగేండ్లల్ల పని చేతికొచ్చింది. చేతికి రాంగనె తలకు గూడ ఎక్కింది.

అప్పుడు మహబూబ్‌నగర్ నుంచి ప్రభాకర్ సార్ అనేటాయన అసొంటిదే ఇంకో చీనా బల్ల తెచ్చిండు. ఆయన కాలేజిల లెక్కల సారు. షాద్‌నగర్ల కొత్త ఇల్లు కట్టిండు, అమ్మను తీసుకొని రావాల్నని చూస్తున్నడు.

"మా అమ్మది ఈ బల్ల. కాళ్లు ఊగుతున్నయి, పైచెక్క పగిలింది. జర గట్టిగ చేసియ్యిన్రి. కొత్తింట్ల ప్రార్థన పెట్టుకున్నం, ఆ రోజుకల్లా బల్ల అమ్మ అర్ర ముంగట ఉండాలె" అన్నడు. నేను సరే అన్న. ఇంకేం అడగలె. హమీద్ సాబ్ ఆ దినాలల్ల బిడ్డ కాన్పుకని గుల్బర్గ పోయి ఉండె. షెడ్డుకు నేనే పెద్ద.

కాళ్లు ఊడదీసి సక్కగ బిగిచ్చిన. పైచెక్క పగులును ఆ చెక్క పొడితోనే పూడ్చిన. ఏ పాపం చెయ్యలె అప్పటిదాంక. ఇగ ముంగటి పట్టె తుడుస్తుంటె కనపడ్డయి. మబ్బుల నడుమ వరుసగ ఐదు గబ్బిలాలు, రెక్కలు సాపి. మూతులు అరిగి, రెక్కలు అరిగి ముద్దముద్దగున్నయి. నాలుగోదానికి ఒక రెక్క కొస ఇరిగింది.

గబ్బిలం ఇంట్ల జొర్రితె మంచిది కాదని మా దిక్కు అందరి నమ్మిక. కొత్తింట్లకు పొయ్యేటోళ్లు, ముసలామె అర్ర ముంగట ఐదు గబ్బిలాలా! వాళ్లు ప్రార్థన చేసుకునేటోళ్లని తెలుసు. ఎవరి దేవుడు ఎవరైనా గబ్బిలం గబ్బిలమే గదా అనుకున్న. నేను వీటిని తీసేసి, పైసలు తీసుకోకుంట ఉత్తగనే చిలకలు పెట్టి ఇస్తె ఎంత సంతోషపడుతరో అనుకున్న. అనుకొని మురిసిన గూడ.

మా ఇండ్లల్ల ఒక పద్ధతున్నది. కండ్లు చెక్కిన బొమ్మ మీద ఉలి దెబ్బ ఏయరు. తీయాల్నంటె నిండుగ తీస్తరు. పాత రథం బొమ్మలు మార్చేటప్పుడు బాపు గట్లనే చేసెటోడు. నేను గూడ సన్నరంపం పెట్టి ఒక్కొక్క గబ్బిలాన్ని అడుగు నుంచి మెల్లగ కోసిన. మూడు నిండుగ వచ్చినయి. రెండోది, నాలుగోది మాత్రం ముక్కలైనయి. ఆ ముక్కలను సరేసు కాగబెట్టే పొయ్యిల ఏసిన. నిండుగున్న మూడింటిని పారెయ్య మనసొప్పక బీడీల డబ్బల పెట్టిన. టేకుతోని ఐదు చిలకలు చెక్కి, రంగు కలిపి, సరేసుతోని అతికిచ్చిన. దూరం పోయి చూసుకున్న. శెభాష్ రా యాదగిరీ అని నన్ను నేనే మెచ్చుకున్న.

ఆమె చెయ్యి

ప్రార్థన రోజు పొద్దుగాల ట్రాలీల బల్ల తీసుకొని నేనే పోయిన. అర్ర ముంగట గోడకు ఆనిచ్చి పెట్టిన. అప్పుడు ప్రభాకర్ సార్ వాళ్ల అమ్మను రెక్క పట్టుకొని తోల్కొచ్చిండు. సుగుణమ్మ ఆమె పేరు. సర్కారు దవాఖానల పెద్ద నర్సు చేసి దిగిపోయింది, అందరు సిస్టరమ్మ అంటరు. తెల్లచీర, చెయ్యి ముంగటికి సాపుకుంట నడుస్తున్నది. షుగర్ బీమారితోని చూపు పోయిందని నాకు అప్పుడే తెలిసింది.

"వచ్చిందా నా బల్ల?" మొఖం నిండ నవ్వు.

"వచ్చిందమ్మా, కొత్తదాని లెక్కయింది" అన్న.

పైచెక్క మీద అరచెయ్యి పెట్టి మెల్లగ జరిపింది. "పగులు తెలుస్తనే లేదు నాయినా. మంచి చెయ్యి నీది." నేను పొంగిపోయిన. ఆమె వేళ్లు అంచు దాటి కిందికి, ముంగటి పట్టె మీదికి దిగినయి. మొదటి చిలక కాడ ఆగినయి. రెండోదాని కాడికి పోయినయి. ఐదు దాక పోయి, మల్ల మొదటికాడికి వచ్చినయి. నవ్వు పోయింది.

"ఇవేంది?"

"చిలకలమ్మా. గబ్బిలాలుండె. కొత్తింటికి మంచిది కాదని నేనే తీసేసిన, ఉత్తగనే" అన్న, చాతి ఇరుచుకొని.

ఆమె మెల్లగ, "నా గబ్బిలాలు ఏడున్నయి మరి?" అన్నది.

ఆమె బల్ల మీద చెయ్యి తీయకుంటనే చెప్పింది.

"మా నాయినకు గుంటెడు భూమి లేకుండె. మిషన్ దవాఖానల నేల కడిగెటోడు. ఆడ ఒక దొరసాని డాక్టరమ్మ ఉండె. చీనా దేశంల పనిచేసి వచ్చింది. తన దేశం పోయేటప్పుడు గీ బల్ల మా నాయినకిచ్చింది. మా గుడిసెల గీ బల్ల తప్ప ఇంకో సామాను లేదు. నాయినకు చదువు రాదు, ఐదు దాక లెక్క వచ్చు. నా ఏలు పట్టి గబ్బిలాల మీద పెట్టి ఒకటి, రెండు అని నేర్పిండు. ప్రభాకర్‌కు నేను గట్లనే నేర్పిన. కండ్లు పోయినంక ఇంట్ల నేను ఏడున్ననో వాటిని ముట్టుకునే తెలుసుకుంటున్న. మొదటిది తగిలితె వంటిల్లు, ఐదోది తగిలితె నా అర్ర. కొత్తింటికి రమ్మంటె ముందుగాల రానన్న. బల్ల ఉంటది గదా అని వచ్చిన."

ప్రభాకర్ సార్ నా దిక్కు చూసి, "మేం అడిగినమా నిన్ను?" అన్నడు.

"ఊకో ప్రభాకరూ, ఆయన మంచికే చేసిండు" అన్నది సిస్టరమ్మ. బల్ల మీది చెయ్యి తీసేసింది. "నన్ను అర్రలకు తోల్కపో. నాకు తొవ్వ తెలుస్తలేదు."

అర్ర దర్వాజ నాలుగడుగుల దూరంల ఉన్నది. కొడుకు చెయ్యి పట్టుకొని పోయింది. నేను చెప్పులు చేతిల పట్టుకొని బయటికొచ్చిన, ఏసుకునుడు గూడ మర్చిపోయిన. ఆ దినం అన్నం ముట్టలె.

బీడీల డబ్బ

హమీద్ సాబ్ రాంగనె అంతా చెప్పిన. అరుస్తడనుకున్న. అరిస్తె బాగుండు అనుకున్న. ఆయన బీడీల డబ్బ అడిగి, మూడు గబ్బిలాలను తీసి ఎండలకు పట్టుకుపోయిండు.

"చూడు, మూతి మీద, ఈపు మీద ఎట్ల మెరుస్తున్నయో. మబ్బులు గింత మెరుస్తలేవు. గిది పాలిష్ మెరుపు గాదు. ఎవరో రోజూ ఈ జాగనే ముట్టుకుంటున్నరు. నువ్వు అరిగిందన్నవ్ గదా, గీ అరుగుడే బల్లకు ప్రాణం."

ఇంకోటి చెప్పిండు. చీనా దేశంల గబ్బిలం మంచి శకునమట. ఐదు చెక్కితె ఐదు మేళ్లు. నిండు ఆయుష్షు, కలిమి, ఆరోగ్యం, మంచి నడత, కష్టపడకుంట పొయ్యే సావు. నేను చెడును తీసేస్తున్న అనుకొని ఐదు మేళ్లను కోసిపారేసిన.

"మిగిలిన రెండు?"

"పొయ్యిల ఏసిన సాబ్."

ఆయన స్టూలు మీద కూలబడ్డడు. "చిలకలు దేంతోని అతికిచ్చినవ్?" అన్నడు.

"సరేసుతోనే సాబ్."

"షుకర్ హై. ఆ ఒక్క మాటన్న విన్నవ్. పో, ఆమె దగ్గరికి పో. ఆ రెండు ఎట్లుండెనో నీకు చెప్పగలిగేది ఆమె ఒక్కతే."

మీకు చెప్పాల్సింది గిదే. సామాను షెడ్డుకు రాంగనె ఏం ఇరిగిందో చూస్తరు అందరు. ముందుగాల ఏం మెరుస్తున్నదో చూడున్రి. ఇంటోళ్లను అడుగున్రి, దీని కాడ ఎవరు కూసుంటరు, చెయ్యి ఏడ పెడతరు అని. ఆ జాగ మీదికి ఉలి గాదు, ఉప్పు కాయితం గూడ పోవొద్దు. నాకు అడిగేటందుకు ఒక్క నిమిషం పట్టేది. అడగకపోతె ఏమైందో చూసిన్రు.

ఆదివారాలు

తెల్లారి పోయి సిస్టరమ్మ కాళ్లు పట్టుకున్న. "లే నాయినా, నాకు కాళ్లు మొక్కించుకునుడు నచ్చదు. గబ్బిలాలు తే" అన్నది. డబ్బ ఆమె చేతిల పెట్టిన. ఒక్కొక్కటి తడిమి, "ఇది మొదటిది, ఇది మూడోది, ఇది ఐదోది" అన్నది. మూడింటిని రెండు చేతులల్ల పట్టుకొని గుండెకానిచ్చుకున్నది.

వాళ్ల వరండలనే వేడినీళ్ల బట్టలు పెట్టి చిలకలను ఊడదీసిన. మూడు గబ్బిలాలను వాటి జాగలల్ల అతికిచ్చిన. ఇగ రెండు చెక్కాలె. అసొంటి కట్టె షెడ్డుల ఎతికితె లేదు. పట్నం పోయి ఎతికినా రంగు కలువలె. ఒక దినం పొద్దంత ఉలి పట్టుకొని ఉత్తగ కూసున్న. చేతిల బాపు కొడతి ఉన్నది. దాన్ని తడిపి ఆ బల్ల పక్కన పెట్టి చూసిన. రంగు కలిసింది.

బాపు ఉంటె తిడుతుండెనా, సరే తియ్ అంటుండెనా తెల్వదు. కోసేటప్పుడు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. దాచేదేమున్నది.

ప్రతి ఆదివారం చర్చి అయినంక సిస్టరమ్మ వరండల కూసునేది. నేను చెక్కి చేతికిచ్చేటోన్ని, ఆమె తడిమేది.

"ఇది గబ్బిలమా, కోడిపిల్లనా? మూతి గింత పొడుగుంటదా!"

"తగ్గిస్తనమ్మా."

"రెండోది జర ఎడమకు తిరిగి ఉంటది. పక్కదాని దిక్కు చూస్తున్నట్టు. నాలుగోదాని కుడిరెక్క కొస లేదు. ప్రభాకర్ చిన్నప్పుడు పలకతోని కొట్టి ఇరగ్గొట్టిండు. ఆ దెబ్బ గూడ చెక్కు."

లోపలి నుంచి ప్రభాకర్ సార్, "అమ్మా, అది ఇప్పటికి యాదుందా నీకు!" అన్నడు. నాతోని ఆయన నవ్విన మొదటి దినం అదే.

ఆరు ఆదివారాలు పట్టింది. రెండు అతికిచ్చి పాలిష్ బట్ట తీసిన. ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "పాలిష్ పెట్టకు. ఆ పని నాది" అన్నది.

అయినంక ఆమెను బల్ల కాడికి తోల్కొచ్చినం. వేళ్లు పట్టె మీద పెట్టి లెక్కపెట్టింది. ఒకటి. రెండోదాని కాడ ఆగి, "ఇది నీది" అన్నది. మూడు. నాలుగోదాని ఇరిగిన రెక్క మీద ఏలు తిప్పి, "ఇది గూడ నీదే" అన్నది. ఐదోదాని కాడికి రాంగనె బల్ల మీది చెయ్యి తీసేసింది. ప్రభాకర్ సార్ పట్టుకోబోతుంటె వద్దన్నది. ఒక్కతే నాలుగడుగులేసి అర్రలకు పోయి మంచం మీద కూసున్నది.

"తొవ్వ దొరికింది ప్రభాకరూ" అన్నది లోపలి నుంచి.

నేను పని బంద్ చేసి రెండేండ్లయితున్నది. చేతులు వణుకుతున్నయి. అప్పుడప్పుడు ఆమెను చూసేటందుకు పోత. చాయ్ తాగి, తిట్లు తిని వస్త. మొన్న పోయినప్పుడు కిటికి నుంచి ఎండ బల్ల మీద పడ్డది. వంగి చూసిన. ఐదు గబ్బిలాలల్ల నా రెండు గూడ మూతుల కాడ మెరుస్తున్నయి. నేనైతె వాటికి పాలిష్ పెట్టలె.